అంతర్జాలంలో స్వతంత్ర రచయితకు నిలకడైన చోటు

ప్రచురణ సంస్థల అండ లేకుండా రాసి, తానే ప్రచురించుకొనే రచయిత అంతర్జాలంలో ఏ వేదికను ఎంచుకోవాలన్నది ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతపు రచయితల, పాఠకుల ఈ సభ చర్చకు తీసుకొన్న విషయం. రచనను ఉంచడానికి చోటు, పాఠకులకు చేరవేసే యంత్రాంగం, కొన్నిచోట్ల డబ్బు వసూలు చేసిపెట్టే ఏర్పాటు, ఈ మూడింటినీ ఒక్కచోట సమకూర్చే సంస్థనే ఇక్కడ వేదిక అనడం జరుగుతున్నది. పాఠకులు ఎక్కడ ఎక్కువ, రాబడి ఎక్కడ మెరుగు అన్న ప్రశ్నలతో మొదలై అక్కడే ముగిసిపోవడం ఈ చర్చకు అలవాటైపోయింది గాని, వాటికంటే ముందు అడగవలసింది ఆ వేదిక మూతపడిన మరునాడు రచన ఎవరి చేతిలో ఉంటుందన్నది.

ఈ ప్రశ్న ఉదయగిరికి కొత్తది కాదు. 15వ శతాబ్దపు జంటకవులు నంది మల్లయ, ఘంట సింగయ తమ ప్రబోధచంద్రోదయాన్ని ఉదయగిరి నేలిన బసవరాజు మంత్రి గంగయకు అంకితమిచ్చి, వరాహపురాణాన్ని విజయనగరపు తుళువ నరస నాయకునికి అంకితమిచ్చారు. కృతిభర్త, అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకొని కవిని సత్కరించి ఆ కావ్యానికి పేరు తెచ్చిపెట్టే ప్రభువు, ఆ కాలానికి ప్రచురణ వేదికే. కవులు ఒక్క వేదికనే నమ్ముకొని కూర్చోలేదని ఈ రెండు అంకితాలే చెబుతున్నాయి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకొన్నాడు, ఆ తరువాత కోట ఇంకెందరి చేతుల్లోకో మారింది, పాత కొలువుల ఆనవాళ్లు సైతం చెదిరిపోయాయి. కావ్యాలు దక్కాయంటే అది తాటాకుల మీద ఒకరి నుంచి ఒకరికి సాగిన ప్రతుల పుణ్యం. వెలికొండలకు ఆవల, బద్వేలు దాపునున్న గోపవరం కవయిత్రి మొల్ల ఊరని పలువురి అభిప్రాయం. ఆమె తన రామాయణాన్ని ఏ రాజుకూ అంకితమివ్వకపోయినా, ఆ కావ్యం ఏ కొలువు అవసరమూ లేకుండానే జనంలో చదవబడుతూ వచ్చింది.

అంతర్జాలంలో ప్రతి నిలవడానికి మొదటి షరతు యూనికోడ్, అంటే ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంకేత సంఖ్యను కేటాయించే ప్రమాణం. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు ఇందులో చోటు దొరికినా, వాడుకలోకి రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఈలోగా తెలుగు పుస్తకాలెన్నో డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కూర్చబడ్డాయి. అటువంటి ఫైలులోని ఒక పేరాను ఫోనులో అతికించి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసిన గజిబిజి తప్ప ఒక్క తెలుగు అక్షరమైనా కనిపించదు, ఎందుకంటే తెలుగు రూపమంతా ఫాంటులోనే ఉన్నది, ఫైలులో దాగినవి లాటిన్ సంకేతాలు. దీనిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నా, మార్పిడిలో వత్తులు, గుడులు తారుమారయ్యే అవకాశం ఉన్నందువల్ల, అచ్చుప్రతిని పక్కన పెట్టుకొని వాక్యం వాక్యం సరిచూసుకోక తప్పదు. వేదిక ఎంపిక గురించి ఆలోచించడం ఆ పని ముగిసిన తరువాతి మాట.

వేదికల ఆయుష్షు విషయంలో గతం మేలైన సాక్ష్యమేమీ ఇవ్వదు. సొంత పుటలకు ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసివేసింది, గూగుల్ ప్లస్ 2019లో ముగిసింది. దీనికి భిన్నంగా 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన ఈమాట పత్రిక ఈనాటికీ వెలువడుతున్నది, పాత సంచికలు కూడా పాఠకులకు అందుబాటులో ఉన్నాయి. లాభం కోసం పెట్టినది కాకపోవడం, సంపాదకులు పాత రచనలను తమ బాధ్యతగా భావించడం ఇందుకు కారణాలు కావచ్చు. సంఖ్యాబలం ఉన్న భాష గనుక పెద్ద సంస్థలే వెదుక్కుంటూ వస్తాయనుకోవడమూ పొరపాటే. 2011 జనగణన ప్రకారం 8 కోట్లకు పైగా ప్రజలు మాతృభాషగా చెప్పుకొన్న తెలుగును పక్కనపెట్టి, 2016లో అమెజాన్ కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషల ఈ-పుస్తకాలకు తలుపు తెరిచింది.

రచన స్వభావాన్ని బట్టి కూడా వేదిక మారుతుంది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి వేదిక భాగాలు భాగాలుగా సాగే ధారావాహిక నవలకు తగినది, ఎందుకంటే రేపటి భాగం కోసం పాఠకుడు మళ్లీ రావడం మీదనే దాని నడక ఆధారపడి ఉంటుంది. ఉదయగిరి కొయ్య చెంచాల పనివారి మీద, సోమశిల జలాశయపు ముంపు ఊళ్ల జ్ఞాపకాల మీద రాసే వ్యాసానికి ఆ తొందర పనికిరాదు. దాని పాఠకుడు పదేళ్ల తరువాత వెదుక్కుంటూ రావచ్చు, కాబట్టి రచయిత తన పేరున నమోదు చేయించుకొన్న చిరునామా గల సొంత సైటే దానికి తగిన చోటు. చందాదారులకు రచనలను ఈమెయిల్‌లో పంపే సబ్‌స్టాక్, చందా డబ్బులో 10 శాతం పుచ్చుకొన్నా, చందాదారుల చిరునామాల జాబితాను రచయిత వెంట తీసుకుపోనిస్తుంది. ఈ ఒక్క సదుపాయం ముందు తక్కిన హంగులన్నీ దిగదుడుపే.

ఒప్పందాల విషయంలో చట్టం రచయిత పక్షానే ఉన్నది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు తొలి హక్కుదారు సాధారణంగా రచయితే, ఆ హక్కు జీవితకాలమూ ఆపై 60 ఏళ్లూ నిలుస్తుంది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కుల బదిలీ లిఖితపూర్వకంగానే జరగాలి, కాలపరిమితి రాయని బదిలీ ఐదేళ్లకే ముగుస్తుంది. చిక్కంతా కాలపరిమితిని రాసేసిన నిబంధనలతోనే. వాటిని చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీట నొక్కడం తెల్లకాగితం మీద సంతకం పెట్టడమే. అన్యులకు ఇవ్వరాదన్న ప్రత్యేక హక్కును కోరే వేదికకు, ఎంత కాలానికో, ఎంత ప్రతిఫలానికో తేల్చుకొనకుండా రచన ఇవ్వరాదు.

ఈ మెట్ట ప్రాంతపు రచయితలకు సభ పక్షాన విన్నపం ఒక్కటే: ప్రతి రచన యూనికోడ్ ఫైలును ముందు తమ వద్ద, మరొక ప్రతిని నమ్మకమైన మిత్రుని వద్ద భద్రపరచి, కాగితం మీద అచ్చు తీసిన ప్రతిని తమ ఊరి గ్రంథాలయానికి అందజేసి, ఆ తరువాతనే ఏ వేదికకైనా ఎక్కించవలసిందిగా ప్రార్థన.