వరాహ సంతతి – శాస్త్రపరిశోధన

 

11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునుండి ఏలిన రాజరాజనరేంద్రుడు వేంగీ చాళుక్యుడు. ఆ వంశమునకు వరాహము రాజలాంఛనము. వరాహముద్ర వలననే పూర్వపు బంగారు నాణెమునకు వరహా అను పేరు వచ్చినది. అట్టి జంతువు ఊరి వెలుపలి పాకల పాలైనది. దానిని పోషించు ఎరుకల కుటుంబములు కూడ దానితోపాటు చిన్నచూపునకు గురియైనవి. శాస్త్రజ్ఞులు మాత్రము దానిని ఉపేక్షింపలేదు.

పిల్లలు తక్కువైనప్పుడు తల్లిపందిని నిందించి సంతకు తోలుట వాడుక. పెక్కుమార్లు దోషము తల్లిది కాదు. పరిశోధనల వలన తేలిన ముఖ్యవిషయ మిదియే.

ఆడపంది సుమారు 21 దినములకొకసారి ఎదకు వచ్చును. ఎద రెండు మూడు దినములుండును. అండములు దాని ఆరంభమున గాక చివరి భాగమున విడుదలయగును. మొదటి పూటనే జతకలిపి ఊరకున్నచో, అండములు వచ్చువేళకు వీర్యము బలముడిగి యుండును. కావున మరునాడును కలుపవలెను. మరియొక వింత కలదు. సుమారు 12వ దినము నాటికి గర్భమున కనీసము నాలుగు పిండములైనను లేనిచో తల్లి దేహము గర్భమును గుర్తింపదు. పంది మరల ఎదకు వచ్చును. నిలిచిన గర్భము సుమారు 114 దినములు, అనగా మూడు నెలల మూడు వారముల మూడు దినములు.

ఇక ఎండ సంగతి. పందికి చెమటపట్టుట మిక్కిలి తక్కువ. బురదలో పొరలుట మురికిపై మోజు కాదు, ఒడలు చల్లార్చుకొను ఉపాయము. మగపంది దేహమున వీర్యకణము తయారై వెలువడుటకు ఆరేడు వారములు పట్టును. మే నెలలో వడగాడ్పు తగిలినచో ఆ లోపము జూన్, జూలై నెలల వీర్యమున కనబడును. అప్పటి జతల ఈతలు అక్టోబరు ప్రాంతమున వచ్చును. దీపావళి దినములలో పిల్లలు తగ్గుటకు వేసవి యెండ కారణమని ఎవరికి తోచును? నింద తల్లిపందికే తగులును. మగపందికి చెట్టునీడయు, నీటిమడుగును కల్పించినచో ఈ నష్టము చాలవరకు తప్పును.

మూడవది వంశదోషము. మందలో పుట్టిన మగపిల్లనే పెంచి తల్లికిని, చెల్లెండ్రకును కలుపుచుందురు. రక్తసంబంధము దగ్గరైన కొలది దాగియున్న దోషములు బయటపడి, ఈతకు పుట్టు పిల్లలు తగ్గుదురు, పుట్టినవి బలహీనమగును. మేనరికములను గూర్చి వైద్యులు చేయు హెచ్చరిక యిచ్చటను వర్తించును. మగపందిని మార్చుట, వేరొక ఊరి మందతో మార్పిడి చేసికొనుట పెద్ద ఖర్చు లేని చికిత్స.

సంకరము అంతకంటె బలమైన సాధనము. ఈతకు పుట్టు పిల్లల సంఖ్యలోని భేదములో వంశమునుండి సంక్రమించు పాలు సుమారు పదియవ వంతు మాత్రమే. అందుచేత మంచివానిని ఏరి పెంచుటవలన వృద్ధి మెల్లగా కలుగును. వేరు జాతులను కలిపినచో త్వరగా కలుగును. తిరుపతి పశువైద్య పరిశోధకులు లార్జ్ వైట్ యార్క్‌షైర్ అను సీమజాతిని నాటుపందితో కలిపి సంకరజాతులను పెంపొందించిరి. సీమపందికి ఎదుగుదల యెక్కువ; నాటుపందికి ఓర్పు మెండు. రెండును ఒక్క దేహమున కూడుట ఈ కృషి ఫలము.

పుట్టిన పిల్లకు ముర్రుపాలే ప్రాణము. వ్యాధుల నెదిరించు శక్తి తల్లి గర్భమున దానికి సంక్రమింపదు. ఆ పాల వలననే లభించును. కావున పుట్టిన కొద్ది గంటలలో ప్రతి పిల్లయు చన్ను పట్టునట్లు చూడవలెను.

ఒక ఈత తప్పినచో పెద్ద రైతునకు లెక్కకురాదు. నాలుగు పందులే ఆస్తియైన ఇంట ఆ లోటు పిల్లల చదువువరకు పోవును. కావున ఈ శాస్త్రము పరిశోధనాలయమున నిలిచిపోరాదు; గ్రంథాలయపు అరలోనే ఉండిపోరాదు. అక్షరము వచ్చినవారు దీనిని అక్షరము రానివారి పాకకు వెళ్లి చదివి వినిపింపవలెను. ఆనాడు తల్లిపందికి నింద తప్పును. దానిని పోషించువానికి నష్టము తప్పును.