చేతిలోని ఫోను, గంపలోని చేప



నిజాంసాగరం అనగానే మనకు ముందు జ్ఞాపకం వచ్చేవి వరి, చెరకు. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఈ జలాశయం మంజీర నీటిని కాలువల వెంట బాన్సువాడ, బోధను పొలాలకు పంపుతూ వున్నది. ఆ నీటిలోనే ఇంకొక పంట కూడా వున్నది, చేపల పంట. వల వేసేవారు గంగపుత్రులు, ముదిరాజులు. గంప నెత్తికెత్తుకొని ఊరూరా తిరిగి అమ్మేది చాలావరకు వారి ఇంటి ఆడవాళ్లు. ఈనాటి నా మాటలు ముఖ్యంగా వీరికోసం. పాలు పోసేవారికీ, కూరగాయలు అమ్మేవారికీ, ట్రాక్టరు కిరాయికి తిప్పేవారికీ కూడా ఇందులో పనికివచ్చేది వుంటుంది.

ధాన్యం నాలుగు రోజులు కుప్పపోసి వుంచవచ్చు. చేప అట్లా ఆగదు. తెల్లవారి వల తీసిన బొచ్చెకు, రవ్వకు ఎండ ముదిరేలోపల గిరాకీ దొరకాలి. దొరకకపోతే దళారి అడిగిన ధరకు ఇచ్చుకోవలసిందే. అమ్మేవారి చేతిలో వేళ లేదు, కొనేవారి చేతిలో వున్నది, అంతే సంగతి. ఫోను ఆ వేళను కొంచెం మనవైపుకు జరుపుతుంది.

ఉత్తర కేరళ సముద్రతీరానికి 1997 మొదలు 2001 దాకా సెల్‌ఫోన్లు ఒక్కొక్క ప్రాంతంగా వచ్చినవి. ఆ కాలంలో అక్కడి కవళ్ల చేపల బేరాన్ని రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు వారం వారం లెక్కకట్టి, 2007లో ప్రకటించాడు. ఫోను రాకముందు ప్రతి పడవా తన ఊరి ఒడ్డుకే చేరేది. ఒక ఒడ్డున కొనేవారు లేక చేపలు పారబోసేవారు. కొద్ది దూరంలోనే మరొక ఒడ్డున చేపలు దొరక్క కొనేవారు ఉత్తచేతులతో వెళ్లేవారు. ఫోను వచ్చినాక పడవలోనుంచే నాలుగు ఒడ్లకు మాట్లాడి, గిరాకీ వున్నచోటికి పడవ తిప్పారు. పారబోయడం దాదాపు పోయింది. బెస్తల లాభం నూటికి 8 వంతులు పెరిగింది. కొనేవారికి ధర నూటికి 4 వంతులు తగ్గింది కూడా. అవి బొమ్మలు చూపే ఫోనులు కావని గమనించండి, మాట్లాడుకొనే ఫోనులు మాత్రమే. కనుక ఫోనులో ఎన్ని హంగులున్నా మొదటి పని మాట కలపడమే.

ఇక్కడ చేయవలసిందీ అదే. వల బరువు తెలియగానే, ఒడ్డుకు రాకముందే, బాన్సువాడలో ఒకరికి, పిట్లంలో ఒకరికి, ఎల్లారెడ్డిలో ఒకరికి ఫోను చేయండి. ఏ చేప కావాలి, ఎన్ని కిలోలు, ఎన్ని గంటలలోగా అని అడిగి, పిమ్మట ధర మాట్లాడండి. ధర ఎక్కువ వున్నదని వెంటనే బయలుదేరకండి. 20 కిలోల చేప వున్నదనుకొందాం. కట్టమీదకంటే బస్తీలో కిలోకు 15 రూపాయలు ఎక్కువ వస్తే తేడా 300. ఆటోకు 150, మంచుగడ్డకు 50 పోతే మిగిలేది 100 రూపాయలు. అందుకోసం సగం రోజు పోతుంది. ఆదివారంనాడు, అందులోనూ గేట్లు ఎత్తినపుడు, చూడవచ్చినవారు కట్టదగ్గరే కొంటారు గదా, ఆనాడు కదలకుండా అమ్ముకోవడమే మేలు.

ఇక వాట్సాప్ సంగతి. చేపను తక్కెడలో పెట్టి, కిలోలు కనబడేటట్లు ఫొటో తీసి, ధర నోటితోనే చెప్పి పంపవచ్చు, రాయడం రానక్కరలేదు. అందరినీ ఒకే గ్రూపులో వేయడం నాకు నచ్చదు. అందులో ఒకరి నంబరు మరొకరికి తెలుస్తుంది. ఆడవాళ్లకు అక్కరలేని ఫోనులు వస్తాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని వేరే వున్నది. రేడియో మాదిరిగానే మీరు ఒక్కసారి చెప్తే ఎవరి ఫోనులో వారికి విడిగా వినబడుతుంది. అయితే మీ నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే అది చేరుతుంది. కనుక చేప ఇచ్చేటప్పుడే, “అన్నా, నా నంబరు ఎక్కించుకో, మంచి కొర్రమట్ట పడిననాడు చెప్త” అనండి.

ఉద్దెర లెక్క కూడా ఫోనులో వేసుకోవచ్చు. పేరు, తేదీ, రూపాయలు, ఈ మూడూ చాలు. కాగితం పుస్తకం మాత్రం పారేయకండి. 2025 ఆగస్టులో కామారెడ్డి జిల్లాలో కురిసినటువంటి కుండపోత వానకు కరెంటు పోతే, ఛార్జింగు లేని ఫోనులో లెక్క వున్నా లేనట్లే.

ఇప్పుడు సొమ్ము మాట. ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. 2016లో వచ్చిన యుపిఐ పద్ధతిలో సొమ్ము పంపేవాడే పిన్ నొక్కాలి. తీసుకొనేవారు పిన్ నొక్కవలసిన పని ఎన్నడూ లేదు. “అమ్మా, పది కిలోలకు డబ్బు పంపుతున్నా, ఈ కోడు స్కాన్ చేసి పిన్ నొక్కు” అని ఎవరైనా అంటే వాడు మీ సొమ్ము లాగుతున్నాడని తెలుసుకోండి. కొందరు డబ్బు పంపినట్లు తమ ఫోనులో బొమ్మ చూపి వెళ్లిపోతారు. ఆ బొమ్మను నమ్మకండి, మీ ఖాతాలో పడిందీ లేనిదీ చూసుకొన్న పిమ్మటే సంచి చేతికివ్వండి. పొద్దున్నే కోడు అట్టను కూడా ఒకసారి తడిమి చూడండి, దానిమీద మరొకరి కాగితం అంటించే దొంగలున్నారు. మోసం జరిగితే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెప్తే సొమ్మును ఆపే వీలు అంత ఎక్కువ.

వలకో, తెప్పకో అప్పు కావలసివస్తే, ఐదు నిమిషాలలో ఇస్తామనే ఊరూపేరూ లేని యాప్‌ల జోలికి పోవద్దు. అవి మీ ఫోనులోని నంబర్లన్నీ ఎత్తుకొని, బంధువులకు ఫోను చేసి పరువు తీస్తవి. ఆ వేధింపు తాళలేక 2020 డిసెంబరులో మన తెలంగాణలోనే కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుంచి చేపలవారికీ వర్తింపజేశారు. బ్యాంకుకు వెళ్లినపుడు, నెలనెలా ఖాతాలో పడిన అమ్మకపు సొమ్మే మీ వ్యాపారానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

అయితే ఆ ఖాతా ఎవరిది? విస్తరణాధికారులు ఈ ప్రశ్న తప్పక అడగాలి. ఎండలో తిరిగి అమ్మేది తల్లి, గంపకు కట్టిన కోడు కొడుకుది. సాయంత్రానికి ఎంత వచ్చిందో ఆమెకు తెలియదు, మరునాడు పెట్టుబడికి కొడుకునే అడగాలి. అప్పుకు పోతే బ్యాంకువారికి ఆమె పేరున ఒక్క రూపాయి అమ్మకమూ కనబడదు. ఇంటిలో తగవు పెట్టడం నా ఉద్దేశం కాదు. కాని ఆమె పేరున ఖాతా, ఆ ఖాతాకు ఆమె నంబరు, ఆమెకు మాత్రమే తెలిసిన పిన్ వుండాలి. మీరు ఊరికి పోయిననాడు ఆమె పక్కన అరగంట కూర్చోండి. మీ ఫోనునుంచి ఒక రూపాయి పంపి, అది ఎక్కడ పడిందో ఆమె చేతనే వెతికించండి. దొరికినాక ఆ రూపాయిని తిరిగి మీకు పంపమనండి. పిన్ ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కనక్కరలేదో ఆమెకు అప్పుడే తెలిసిపోతుంది.