వ్యవసాయ విద్యయు గ్రామ పంచాయతీయు



“సేద్యమునకు చదువెందుకు?” అను మాట మన రచ్చబండలయందు తరచుగా వినుచుందుము. ఒక దేశము దీనికి చెప్పిన సమాధానమును మొదట మనవి చేయుదుము.

1862లో అమెరికాలో అంతర్యుద్ధము సాగుచుండగనే, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ మారిల్ చట్టముపై సంతకము చేసెను. జాతీయ శాసనసభలలో ప్రతి రాష్ట్రమునకు ఎందరు సభ్యులుందురో, అన్ని 30,000 ఎకరముల ప్రభుత్వ భూమి ఆ రాష్ట్రమునకు దక్కెను. దానిని విక్రయించి, ఆ ధనముపై వచ్చు వడ్డీతో కర్షకుల, కార్మికుల బిడ్డలకు కళాశాలలు నడుపవలెను. అందు చాల భూమి అచటి ఆదివాసుల చేతినుండి పోయినదే యను సత్యమును మరువరాదు.

కళాశాల వెలసినంతనే పంట పెరుగలేదు. బోధించుటకు పరీక్షించి తేల్చిన విషయము కావలెను గదా! అందుచే 1887లో ప్రయోగ క్షేత్రములకు, 1914లో రైతుల కడకు పోయి చెప్పు విస్తరణ సేవకు వేరువేరు చట్టములు వచ్చెను. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడును ముక్కాలిపీట కాళ్ళవంటివి.

ఈ పద్ధతిపైననే మన దేశమున 1960లో పంత్‌నగరులోను, 1964లో రాజేంద్రనగరులోను వ్యవసాయ విశ్వవిద్యాలయము లేర్పడెను. రెండవదానికి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము తోడ్పడెను. నేడు ఆంధ్రప్రదేశమున ఆచార్య ఎన్.జి. రంగా పేరను, తెలంగాణమున ఆచార్య జయశంకర్ పేరను ఉన్న విశ్వవిద్యాలయములు ఆ కృషిని సాగించుచున్నవి.

పట్టా విద్యార్థులు చివరి సంవత్సరమున కొంతకాలము గ్రామమున నుండి రైతు వెంట పని నేర్తురు. వారు వచ్చినప్పుడు మనమేమి చేయుచున్నాము? మోటారు, ట్రాక్టరు గల పెద్దరైతు ఇల్లు చూపి ఊరకుండుట తగదు. కౌలుదారుని చెంతకు, మెట్ట రైతు చెంతకు, నాట్లు వేయు స్త్రీల చెంతకు కూడ తీసికొనిపోవలెను. చేనిలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు మన్ను తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపు విధమును వారిచే ఊరివారికి చూపించవలెను. గట్ల ప్రక్క, పెంటకుప్పల చోట, చెట్ల నీడన తీసిన మన్ను పనికిరాదు. ఊరి పంటకు వచ్చిన తెగుళ్ళను పుస్తకమున వ్రాసి వారికీయవలెను; జవాబు వచ్చువరకు అడుగుచుండవలెను.

మన ప్రశ్న కళాశాలకు చేరనిచో, అచటి విద్య మన పొలమునకు చేరదు. మన బాలబాలికలను ఆ చదువునకు పంపుదము. చదివి వచ్చినవారి మాటకు ఊరిలో చోటిత్తము.