సగం వెలుగు లెక్క

ఇంజనీరువి కదా, చేసిన పెద్ద పనేదైనా చెప్పమన్నారు. నేను తప్పు చేసిన ఒక చిన్న లెక్క చెబుతాను.

రొయ్యల చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పరికరాలతో నాకు పని. పరికరం కొసన ఒక రంగు పూత ఉంటుంది. దానిమీద నీలం కాంతి పడితే ఎర్రగా వెలుగుతుంది. ఆక్సిజన్ తగిలితే ఆ వెలుగు తగ్గుతుంది. దీన్నే క్వెంచింగ్ అంటారు. ఎంత తగ్గుతుందో 1919లో స్టెర్న్, ఫోల్మర్ సూత్రం కట్టారు. ఆక్సిజన్ లేనప్పటి వెలుగును ఇప్పటి వెలుగుతో భాగించి ఒకటి తీసేస్తే, మిగిలేది ఆక్సిజన్‌కు అనులోమానుపాతంలో ఉంటుంది.

మా నమూనా పరికరంలో ఆక్సిజన్ లేనప్పుడు వెలుగు 100. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే 50. ఒక రాత్రి మూడు గంటలకు 60 చూపించింది. 50 తగ్గితే 5 కదా, 40 తగ్గితే 4 అని నోటిలెక్క వేసి, ‘ఏరేటర్లు అప్పుడే తిప్పక్కర్లేదండీ’ అన్నాను రైతుతో. డీజిలు మిగిల్చానన్న గొప్ప కూడా!

అసలు లెక్క వేరు. 100ను 60తో భాగిస్తే 1.67. ఒకటి తీస్తే 0.67. దాన్ని 5తో హెచ్చిస్తే 3.3 మాత్రమే. తెల్లారేలోపు అది ఇంకా పడిపోతుంది. రొయ్యలు నీటి పైకొచ్చి గట్టు పక్కకు చేరాయి. రైతు నన్ను ఒక్క మాట అనలేదు, ఏరేటర్ల వైపు పరుగెత్తాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పటి పరికరాలు చాలావరకు వెలుగును కాదు, అది ఆరడానికి పట్టే కాలాన్ని కొలుస్తాయి. పూత వెలిసినా లెక్క అంతగా చెడదు. భాగహారం మాత్రం అదే. మన లెక్కల మాస్టారు ఎనిమిదో తరగతిలో అనులోమమా, విలోమమా తేల్చుకోకుండా పలక ముట్టుకోనిచ్చేవారు కాదు. సార్, ముందు వరుసలోనే ఉన్నారు, ఈసారి సరిగ్గానే వేశానా?