నౌపడ ప్రాంతపు ఇసుక గరువులలో తోటల పెంపకము
(రైతుల కూటమున చేయబడిన ప్రసంగము)



నౌపడ స్టేషనులో దిగినవారి కంటికి మొదట కనుపించునది పచ్చదనము కాదు, ఎండలో తెల్లగా మెరయు ఉప్పుకుప్పలు. ఆ ఉప్పుమళ్ళు దాటి సముద్రము వైపు పోవగా ఇసుక గరువులు తగులును. వీనియందు సరుగుడు తప్ప మరేదియు బ్రతుకదను మాట ఈ వైపు రైతులలో స్థిరపడియున్నది. అయినను ఇదే తీరమున, ఈశాన్యముగా పోయినచో, వజ్రపుకొత్తూరు మొదలు కవిటి, కంచిలి, సోంపేటల వరకు ఇట్టి ఇసుకమీదనే కొబ్బరి, పనస, జీడిమామిడి దట్టముగా పెరిగియున్నవి. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. ఆ తోటలు దైవికముగా మొలచినవి కావు. తాతలు నాటి, మనుమలు కడవలతో నీరు మోసి నిలిపినవి.

ఎడారులలో తోటలు వేయు పద్ధతులు ఇచట పనికివచ్చునా యని కొందరడుగుచుందురు. కొన్ని వచ్చును, కొన్ని రావు. జోధపురమున సాలుకు 14, 15 అంగుళముల వాన కురియును. జైసల్మేరున 8 అంగుళములు పడిన సంవత్సరము మంచి సంవత్సరమే. శ్రీకాకుళము జిల్లాలోనో 40 అంగుళములకు పైబడి కురియుచున్నది. కాబట్టి ఇచటి చిక్కు వాన చాలకపోవుట కాదు. కురిసిన నీరు ఇసుకలో నిలువక దిగిపోవును. గాలిలో ఉప్పు గలదు. నూతిలో ఉప్పు పొంచియున్నది. ఫాల్గుణము మొదలు రోహిణి కార్తె వరకు మాత్రము ఈ దిబ్బలను ఎడారియనుటకు సందేహింపనక్కరలేదు. మిట్టమధ్యాహ్నము ఇసుకమీద చెప్పులు లేక నడచినవారికి ఆ సంగతి వేరుగా చెప్పనేల?

మొదటి పని గాలిని ఆపుట. మొక్క నాటి పిదప కంచె వేయువాడు ఆ మొక్కను రెండుమార్లు నాటవలసివచ్చును. సముద్రము వైపున మొదట కదలు ఇసుకను కట్టవలెను. అందుకు దిబ్బలమీద ప్రాకు ఊదాపూల తీగయు, రావణాసురుని మీసములని పిలువబడు ముళ్ళగడ్డియు చాలును. వీనిని పశువులకు, వంటచెరకునకు పెరికివేయుట మానవలెను. జోధపురమున ఎడారి పరిశోధనాలయమువారు దిబ్బలపై ఎండు కంపను గళ్ళుగళ్ళుగా పాతి, ఆ గళ్ళలో మొక్కలు నాటి ఇసుకను నిలిపియున్నారు. తాటాకులతోను, సరుగుడు మండలతోను ఆ పని ఇచటను చేయవచ్చును. తీగ వెనుక మొగలి, మొగలి వెనుక సరుగుడు మూడు నాలుగు వరుసలు, వాని వెనుక పొన్న, కానుగ, జీడిమామిడి నాటవలెను. గాలి కంచె గోడవలె మూసుకొనియుండరాదు. గోడ దాటిన గాలి ఆవలి ప్రక్క సుడి తిరిగి మొక్కను పెరుకును. చెట్ల సందులగుండ దూరిన గాలి వేగము చచ్చి పోవును. ఇట్టి కంచె తన యెత్తునకు పదిరెట్ల దూరము వరకు తోటను బాగుగా కాచును.

ఇచట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. సరుగుడునకు మంచి ధర వచ్చిన యేట రైతు కంచె వరుసలు కూడ ఒక్కసారిగా నరికించి అమ్ముకొనును. ఆ రూకలు ఆ యేటితో ఖర్చగును. వెనుకనున్న తోట ఆ వేసవిలోనే మాడును. కంచెలో ఏటికి ఒక వరుస మాత్రమే నరికి, వెంటనే తిరిగి నాటవలెను. అమ్మకమునకు వేరుగా సరుగుడు కావలసినవారు వేరు చెక్కలో వేసికొందురుగాక.

రెండవది నీరు. దీనినిగూర్చి కొంచెము విపులముగా చెప్పుట అవసరము, ఏలయనగా ఇందు చేసిన తప్పు దిద్దుకొనుటకు ఏండ్లు పట్టును. సముద్రపు నీరు మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్ళు బరువు. అందుచేత వాననీరు ఇసుకలో దిగి, అడుగున నున్న ఉప్పునీటిపై, పాలమీది మీగడవలె తేలియుండును. లెక్క యేమనగా, సముద్ర మట్టమునకు పైన నూతి నీరు ఒక్క అడుగు నిలిచిన చోట, క్రింద ఇంచుమించు 40 అడుగుల వరకు మంచినీరు గలదన్నమాట. ఇది వినుటకు సంతోషముగానే యుండును. కాని ఆ పై అడుగును ఎల్లకాలము తోడివేసినచో, క్రిందనుండి ఉప్పునీరు ఆ 40 అడుగులును పైకెక్కుటకు సిద్ధపడును.

ఒక రైతు తోట ఎండుచున్నదని నూతిని మరి పదునైదు అడుగులు లోతుచేసి, మోటారు పెట్టెననుకొందము. మొదటి యేడు నీరు పుష్కలముగా వచ్చును; ఇరుగుపొరుగు వారు అసూయపడుదురు. రెండవ వేసవిలో పప్పు ఉడుకదు, సబ్బు నురుగుపట్టదు, కొబ్బరిపిలకల ఆకు కొనలు మాడును. మూడవ యేట ఆ నుయ్యియేగాక ప్రక్క పట్టాదారుని నుయ్యి కూడ చెడును. మీగడను గరిటెతో పైపైన తీయవలెనుగాని గిన్నెలో చేయి ముంచరాదు. పూర్వులు దొరువులు త్రవ్వుటలోని కిటుకు ఇదియే. నిలువెత్తునకు మించని లోతు, వెడల్పైన గుంట, ఉదయమొకసారి సాయంకాలమొకసారి తోడుట, నడుమ ఊరనిచ్చుట. బాపట్లలో పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరచి, ఇసుకలో అడ్డముగా రంధ్రముల గొట్టములు పరచి, పైనీటిని మాత్రము నడిమి బావికి చేర్చు ఉపాయమును ప్రచారము చేసినారు. లోతు బోరునకు పెట్టు సొమ్ము దీనికి పెట్టుట మేలు. ఒకే ఇసుకమేటపై నూతులున్నవారు తోడకమును గూర్చి తమలో తాము ఒడంబడిక చేసికొననిచో, ఒక్కని జాగ్రత్త వలన ప్రయోజనము స్వల్పము.

నీరు తక్కువగా వాడుటకు కుండపద్ధతి సులభమైనది. కాలిన మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి, మూకుడు మూసి, చుట్టును ఆనప, దోస, గుమ్మడి గింజలు పెట్టవలెను. చెమ్మ కుండ గోడగుండ వేళ్ళకు కావలసినంతయే ఊరును. కూరపాదులకు ఉప్పదనముగల నీరు పోయవలసివచ్చినప్పుడు ఆకులపై పడకుండ, చల్లని వేళ మొదట పోయవలెను. పాదులపై ఎండుటాకు కప్పినచో నీరు ఆవిరిగాదు, అడుగు ఉప్పు పైకి ప్రాకదు. గత్తమును ఒక్కసారిగా బండ్లకొలది తోలినను ఇసుకలో నిలువదు. కొద్దికొద్దిగా, తరచుగా వేయవలెను. మంచినీటి చెరువు మన్ను గత్తముతో కలిపి వేసినచో ఇసుక చెమ్మను పట్టుకొనును. ఉప్పుకాలువ ప్రక్కనుండి తెచ్చిన బురదను మాత్రము తోటలోనికి రానీయరాదు. చవుడు తేలిన చెక్కలకు గట్లు పోసి, మృగశిర, ఆరుద్ర కార్తెల వానను నిలిపి, ప్రక్క బోదెగుండ దించివేయుటయే మందు. జిప్సము అన్ని చవుళ్ళకు పనిచేయదు. మన్ను పరీక్ష చేయింపక దానిని కొనుట డబ్బు దండుగ.

ఏ మొక్కలు వేయవలెను? కొబ్బరి, సపోటా, రేగు కొంత ఉప్పును ఓర్చును. జీడిమామిడి వట్టి ఇసుకలో బ్రతుకునుగాని నీరు నిలిచిన చోట చచ్చును. మామిడి, నిమ్మ, నారింజ, చిక్కుడు జాతులు ఉప్పునీటిని ఓర్వవు. అరబ్బుదేశపు ఒయాసిస్సులలో ఖర్జూరపు నీడను పండ్లచెట్లు, వాని నీడను కూరమళ్ళు పెంచుదురు. ఉద్దానమువారు పుస్తకము చూడకయే కొబ్బరి క్రింద పనస, అరటి, వాని క్రింద అనాస, కంద వేయుచున్నారు. ఎండను అంతస్తులుగా పంచుకొనుట ఇందలి రహస్యము. కొబ్బరిపిలకకు మూడడుగుల ఘనపు గొయ్యి త్రవ్వి, అడుగున కొబ్బరిడొక్కలను లోపలి వైపు పైకి వచ్చునట్లు రెండు వరుసలు పేర్చి మన్ను కప్పినచో అవి నీటిని పట్టియుంచును. చెట్టునకు చెట్టునకు 25 అడుగులుండవలెను. మొదటి రెండు వేసవులు నైరుతి దిక్కున తాటాకు దడి కట్టుట మరువరాదు.

ఇంటి దొడ్డి మాటయు కొంచెము. పడమటి వైపున వేప, కానుగ పెరిగినచో సాయంకాలపు ఎండ గోడను తాకదు. గన్నేరు ఉప్పుగాలికి జంకదు, కాని దాని ఆకు పశువులకు విషము. కొట్టము ప్రక్క వేయరాదు. దేవగన్నేరు, కాగితపుపూలు ఎండలోనే బాగుగా పూయును. మల్లెకు మాత్రము గోడ చాటు, తీయని నీరు కావలెను. పాత చింతలను, రావులను కొట్టివేయవద్దు. సమీపముననున్న తేలినీలాపురమున ఏటేట వచ్చు గూడబాతులు, కొంగలు అట్టి ఊరిచెట్లమీదనే గూళ్ళు కట్టుచున్నవి.

ఇక తుపానులు. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరమును తాకినవి. తిత్లీ పలాస దగ్గర తీరము దాటినప్పుడు ఉద్దానమున తరముల కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలగూలినవి. తిరిగి నాటిన పొడవు రకపు పిలక కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు తక్కువకాదు. అంతవరకు ఇల్లు గడచుట యెట్లు? కొబ్బరి ఒక్కటే నమ్మినవారి పాట్లు అందరును చూచినవే. కావున పిలకల నడుమ మొదటి యేటినుండియే అరటి, బొప్పాయి, మునగ, కంద, ఉలవ వేయవలెను. పిలకలన్నియు ఒకే యేట నాటక, మూడు నాలుగు యేండ్లలో వంతులుగా నాటుట మంచిది. లేతచెట్లు గాలికి వంగియు నిలుచును. చిత్త, స్వాతి కార్తెలకు ముందే ముదిరిన కాయలను, ఎండుమట్టలను దింపివేయవలెను. గాలి వెలిసిన మరునాడు, ఒరిగిన చిన్న చెట్లను వేళ్ళు ఎండకముందే నిలువబెట్టి, మూడు వైపుల ఊతకఱ్ఱలు పాతి, మొదట మన్ను ఎగదోయవలెను. మొవ్వు విరిగిన చెట్టు తిరిగి చిగిర్చదు. దానికి నీరు పోయుట మాని, ఆ గోతిలోనే వచ్చు మృగశిరకు క్రొత్త పిలకను నాటవలెను.