తాతయ్య యుద్ధం, అమ్మమ్మ యుద్ధం



యుద్ధం అనగానే మనకు సరిహద్దులు, తుపాకులు, విమానాలు గుర్తుకొస్తాయి. అది మగవాళ్ళ వ్యవహారం, మన వంటింటికి దానితో పనేమిటి అనుకుంటాం. కాని 1939 నుంచి 1945 దాకా జరిగిన రెండవ ప్రపంచ యుద్ధం మన తెలుగు పల్లెల్లో ఎన్నో వంటిళ్ళ దాకా వచ్చింది. ఆ సంగతులే ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆ యుద్ధంలో భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది పనిచేశారు. ఎవరూ బలవంతాన పట్టుకుపోయినవాళ్ళు కాదు, తమంతట తాము చేరినవాళ్ళే. కొందరిని ఉత్సాహం నడిపించింది, చాలామందిని ఇంట్లో ఇబ్బంది నడిపించింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో ఎంతమంది చేరారంటే, ఆ ఊరికి మిలిటరీ మాధవరమన్న పేరే స్థిరపడింది. మా అమ్మమ్మగారి ఊరు చందర్లపాడుకు అలాంటి పేరేమీ లేదు. నందిగామ దగ్గరి మెట్ట ఊరు. కృష్ణ చేరువలోనే పారుతున్నా, ఆ రోజుల్లో పొలాలకు వాన చినుకే గతి. వరసగా రెండేళ్ళు జొన్న ఎండిపోయి, అప్పు నెత్తి మీదికి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కబురు ఊళ్ళోకి వచ్చి నెల తిరక్కుండానే మా తాతయ్య సైన్యంలో లారీ డ్రైవరుగా చేరారు.

అప్పటికి అమ్మమ్మకు ఇరవై ఏళ్ళు లేవు. చంకలో ఒకరు, కడుపులో ఒకరు.

సిపాయి జీతంలో కొంత భాగం ఇంటికి మనియార్డరుగా వచ్చే ఏర్పాటు ఉండేది. పోస్టుమాన్ వస్తే అమ్మమ్మ వేలిముద్ర వేసేది, డబ్బు మామగారి చేతికి వెళ్ళేది. ఉత్తరమొస్తే పోస్టుమానే అరుగు మీద అందరి ముందూ చదివేవాడు. మగడు పెళ్ళానికి రాసిన రెండు ముక్కలు ఊరంతా వినాలి! పైగా మిలిటరీ ఉత్తరాలకు సెన్సారు. ఎక్కడున్నదీ రాయకూడదు. క్షేమం, క్షేమం, అంతే. ఈ బాధ పడలేక అమ్మమ్మ పక్కింటి బడిపిల్లను బతిమాలి, అరుగు మీద బొగ్గుతో రాస్తూ అక్షరాలు నేర్చుకుంది.

1944 వేసవిలో ఆ ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. దిమాపూర్ నుంచి కొహిమా మీదుగా ఇంఫాల్‌కు వెళ్ళే దారిని ఆ ఏడు మార్చి నెలాఖరుకు జపాను సైన్యం తెగ్గొట్టింది. జూన్ 22న గాని ఆ దారి మళ్ళీ కలవలేదు. అంతవరకూ ఇంఫాల్‌లో ఉన్నవాళ్ళకు తిండీ మందుగుండూ విమానాల మీదే చేరాయి. తాతయ్య అక్కడే ఉన్నారు. చందర్లపాడులో అమ్మమ్మకు ఇవేమీ తెలియవు. "ఉత్తరం రాకపోయినా మనియార్డరు వస్తే మనిషి ఉన్నట్టేనమ్మా" అనేది. ఆ నమ్మకంతోనే పొద్దున లేచి జొన్నలు దంచింది, కలుపు తీసింది, రేషను కిరసనాయిలుతో ఇల్లు నెట్టుకొచ్చింది. ఆ నెలల్లోనే ఒక మనియార్డరు మీద మొదటిసారి సంతకం చేసింది. ఆ డబ్బు తన చేతికే తీసుకుంది.

తాతయ్య 1946లో తిరిగొచ్చారు. యుద్ధం గురించి పెద్దగా మాట్లాడేవారు కాదు. ఆయన ఒక్కరే కాదు, చాలామంది అంతే. ఇంఫాల్‌లో ఎదుటి పక్షాన నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక తెల్లవాళ్ళ సైన్యంలో పనిచేశామని చెప్పుకోవడానికి నోరు రాలేదు. అలా ఎన్నో ఇళ్ళల్లో ఆ కథ ట్రంకుపెట్టె అడుగునే ఉండిపోయింది. పతకాలు పిల్లల ఆటవస్తువులయ్యాయి, కొన్ని స్టీలు గిన్నెల వాడి మూటలోకి పోయాయి.

మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే ఒకసారి తెరిచి చూడండి. మన సిపాయిలకిచ్చిన పతకాల మీద అంచునో వెనకో సన్నని అక్షరాలతో నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. చింతపండుతో గట్టిగా తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. డిశ్చార్జి కాగితాన్ని మడతల దగ్గర చినగకుండా దాచండి. ఆ నంబరుంటే సంబంధిత సైనిక రికార్డుల కార్యాలయానికి రాయవచ్చు. ఎలా రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. తిరిగి రానివారి పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో వెతకవచ్చు. ఇంటర్నెట్‌లో ఉంది, ఖర్చు లేదు. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద సుమారు 27,000 పేర్లున్నాయి. వాటిలో మీ ఇంటిపేరు కనబడవచ్చు.

పంజాబులో మొదటి యుద్ధానికి వెళ్ళిన 3,20,000 మంది వివరాలు లాహోర్ మ్యూజియం రిజిస్టర్లలో దొరికాయి, 2021లో వాటిని అందరూ చూసేలా పెట్టడం మొదలైంది. మంచిదే. కాని తాతయ్య కాగితంలో చేరిన రోజూ, విడుదలైన రోజూ మాత్రమే ఉన్నాయి. ఆ రెండు రోజుల నడుమ నాలుగేళ్ళు ఇల్లెలా గడిచిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ మనియార్డరు సంతకం ఏ మ్యూజియానికీ చేరదు. అది మనమే రాయాలి.

ఇప్పుడా తరం దాదాపు వెళ్ళిపోయింది. వాళ్ళ నోట విన్న పిల్లలు మాత్రం మన అమ్మలుగా, అత్తలుగా, పెద్దమ్మలుగా ఇంకా ఉన్నారు. మధ్యాహ్నం బియ్యం ఏరుతున్నప్పుడు అడగండి. "తాతయ్య ఏ యుద్ధానికి వెళ్ళాడు?" అని ఊరుకోకండి. "అప్పుడు అమ్మమ్మ ఏం చేసింది? ఏం వండింది? ఎవరు సాయం చేశారు?" అని కూడా అడగండి. విన్నది చాకలి పద్దు పుస్తకంలోనైనా సరే, తేదీ వేసి రాసిపెట్టండి. మీ మనవరాలు ఒకరోజు అడుగుతుంది.

సెలవు.