ఆ తర్వాత ఏమైంది? – కథలో ఉత్కంఠ

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను రచయిత్రిని కాను. ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని. బీఎడ్ చదివాను కాబట్టి స్టడీ అవర్‌లో తెలుగు కూడా చెబుతాను. రాత్రి భోజనాలయ్యాక పిల్లలు కథ అడుగుతారు. అలా చెప్పి చెప్పి నేర్చుకున్న నాలుగు మాటలు ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. మన పిల్లలు ఇప్పుడు ఫోన్లోనే కథలు రాస్తున్నారు, షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. ఉత్కంఠ కావాలంటే మాత్రం దెయ్యాన్నో హంతకుణ్నో తెస్తున్నారు. అంత దూరం పోనక్కర్లేదు.

ఒక సంగతి చెబుతాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వానాకాలం. మా అక్కకు తొలి కాన్పు నొప్పులు మొదలయ్యాయి. మా ఊరికి రోడ్డు లేదు. నాన్న, మావయ్యలు కర్రకు దుప్పటి కట్టి డోలీ చేశారు. నేను లాంతరు పట్టుకుని ముందు నడిచాను. దారిలో గెడ్డ ఉంది. అది దాటితేనే జీపు దొరికే రోడ్డు. సగం దారిలో ఉండగా పై కొండల మీద మబ్బు దిగింది. నాన్న ఒకసారి తలెత్తి చూశాడు. ఏమీ అనలేదు, అడుగు వేగం పెంచాడు. డోలీలో ఉన్న అక్కకు ఆ మబ్బు కనబడదు.

ఇక్కడ ఆపుతాను. “తర్వాత?” అని మీకు అనిపించిందా? అది ఎందుకు అనిపించిందో చూద్దాం.

మొదటిది, ప్రమాదం ముందే తెలియాలి. హిచ్‌కాక్ అనే సినిమా దర్శకుడు ఒక ఉదాహరణ చెప్పేవాడు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే చూసేవాళ్లు 15 సెకన్లు ఉలిక్కిపడతారు. బాంబు ఉందని వాళ్లకు ముందే తెలిస్తే 15 నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మొదటిది ఆశ్చర్యం, రెండోది ఉత్కంఠ. పై కొండల్లో వాన పడితే కింద గెడ్డ పొంగుతుందని మీకు తెలుసు. అందుకే మబ్బు అనగానే మీకు గుబులు పుట్టింది.

రెండోది, గడువు ఉండాలి. నొప్పులు ఆగవు, చీకటి ఆగదు, నీరు ఆగదు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పోటీ పడుతుంటే కథ దానంతటదే పరుగెడుతుంది.

మూడోది, అడ్డంకులన్నీ ఒకేసారి పోయకండి. ఒక అడ్డంకి, ఒక చిన్న ఆశ, మళ్లీ ఇంకొంచెం పెద్ద అడ్డంకి. ఆశ లేకుండా కష్టాలే చెబుతూ పోతే చదివేవాడికి ఎదురుచూడటానికి ఏమీ మిగలదు.

నాలుగోది, తర్వాత పనికొచ్చే వస్తువును ముందే చూపించాలి. చివర్లో లాంతరు ఆరిపోవాలంటే మొదట్లోనే అందులో కిరసనాయిలు తక్కువుందని ఒక్క ముక్క చెప్పాలి. లేకపోతే రచయిత మోసం చేశాడంటారు.

ఐదోది అన్నిటికంటే ముఖ్యం. ఎవరికోసం భయపడుతున్నామో ఆ మనిషి మనకు తెలియాలి. మా హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఇటుకల పండుగ మీద కథ రాసింది. “మా నాన్న వేటకు వెళ్లాడు. పొద్దుపోయాక వచ్చాడు.” అంతే కథ. “నాన్న వచ్చేదాకా మీ అమ్మ ఏం చేసింది?” అని అడిగాను. కూర రెండుసార్లు వెచ్చబెట్టిందట. కుక్క మొరిగినప్పుడల్లా గడప దాకా వెళ్లి వచ్చిందట. అదే రాయమన్నాను. రాసి చదివితే హాలంతా నిశ్శబ్దమైపోయింది.

కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ కథ ఉంది. అందులో దెయ్యం లేదు, అపరాధ పరిశోధన లేదు. ఒక అప్పు మీద ఊళ్లో పంచాయితీ జరుగుతుంది. ఏం తేలుతుందోనని చివరి పేజీ దాకా వదలలేం. ముగింపు నేను చెప్పను, చదవండి.

మన అడవినీ, మన డప్పునూ బయటివాళ్లు సినిమాల్లో భయపెట్టడానికి వాడుకున్నారు. మనకు మాత్రం అడవి భయం కాదు. రోడ్డు లేకపోవడం, సమయానికి మందు అందకపోవడం మన భయం. అది మనమే రాయాలి.

ఇప్పుడు మీకు నేను బాకీ ఉన్నాను. ప్రశ్న లేపినవాళ్లు జవాబు చెప్పి తీరాలి, అది ఆరో మాట. మేం చేరేసరికి గెడ్డ ఎర్రగా పొంగింది. దాటలేకపోయాం. చెట్టు కింద, మా అత్త చేతుల మీద కాన్పు అయింది. తెల్లారేసరికి నీరు తగ్గింది. అక్క దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఈ సంగతి సభలో చెప్పనా అని అక్కను అడిగే వచ్చాను. మన వాళ్ల బాధను కథ చేసే ముందు మీరూ అడగండి. అక్క కాసేపు ఊరుకుని, “చెప్పవే. కానీ నన్ను డోలీలో మూటలాగ చెప్పకు. లాంతరు ఆరిపోయి నువ్వు ఏడుస్తుంటే, ఆ నొప్పుల్లోనే నీతో మాట్లాడుతూ వచ్చింది నేనే కదా” అంది.

నా కథలో నేను వదిలేసింది అదే. ఈసారి రాస్తే అక్కడే మొదలుపెడతాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది. అమ్మనో అవ్వనో అడిగి తెలుసుకోండి, రాయండి, వచ్చే ఏడాది ఈ సభలోనే చదవండి. నేను వినడానికి వస్తాను.

సెలవు.